చీమలా ఉంది, చీమ కాదనిపిస్తోంది – ఫోటో చూసి చెప్పగలరా?

మిర్యాల_వాసి | అక్టోబర్ 21, రాత్రి 10:48

అందరికీ నమస్తే. ఇక్కడ కొత్త. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఇల్లు దాటితే వరి పొలాలే. వారం రోజులుగా రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే చాలు, గోడ మీద ఇవే. గండుచీమంత ఉంటుంది, నారింజ నలుపు చారలు. నడక అచ్చం చీమదే. కానీ కదిలిస్తే తేలు లాగా తోక పైకి లేపుతుంది.

అసలు సంగతేమిటంటే, మా అక్క కొడుకు మెడ మీద నిన్న పొద్దున ఎర్రగా ఒక గీత తేలింది. ఇవాళ దాని మీద చిన్న చిన్న పొక్కులు. కాలిన గాయంలా ఉంది. అమ్మేమో సాలెపురుగు ఉచ్చ పోసింది అంటోంది. పక్కింటాయన సర్పి అన్నాడు. నాకు ఈ గోడ మీది పురుగు మీదే అనుమానం. మూడు ఫోటోలు పెట్టాను, కొంచెం షేక్ అయ్యాయి.

కోనసీమ_కుర్రాడు | రాత్రి 10:59

అన్నా, మొదటి ఫోటోలో నాకు సున్నం పెచ్చు కనిపించింది. రెండోదాంట్లో ఏదో ఉంది. మూడోది మీ బొటనవేలు.

రాత్రిబండి | రాత్రి 11:06

నేను గూగుల్ లెన్స్‌లో వేసి చూశా. ఒకసారి చీమ అంది, ఇంకోసారి చెవిలో దూరే పురుగు అంది, మూడోసారి చెవి కమ్మలు అమ్మే పేజీ తెరిచింది.

సాలెగూడు_సుబ్బులు | రాత్రి 11:15

ముందు ఒక మాట. ఇంట్లో ఎవరికి ఏ పొక్కు లేచినా సాలీడు ఉచ్చ పోసిందనడం మన వాళ్ళకి అలవాటు. పాపం అది మూలన గూడు కట్టుకుని ఉంటుంది, మీ మంచం మీదకొచ్చి పోయాల్సిన పని దానికి లేదు. నిద్రలో తెల్లారేలోపు గీతలాగా మచ్చ తేలిందంటే ఏదో ఒంటి మీద నలిగిందని అర్థం. ఫోటో నాకూ అర్థం కాలేదు గానీ, తోక పైకెత్తడం అన్నారు కదా, పెంకుపురుగు గారిని పిలవండి.

పెంకుపురుగు | రాత్రి 11:40

పిలిచారు, వచ్చాను. నా అనుమానం ఒకటుంది గానీ, మసక ఫోటో చూసి పిల్లాడి విషయంలో అవునూ కాదూ అనను. పొద్దున మళ్ళీ తీయండి. ఇలా చేస్తే బావుంటుంది:

చేత్తో ముట్టుకోవద్దు, చెప్పుతో కొట్టొద్దు. గోడ మీద ఉన్నదాని మీద గాజు గ్లాసు బోర్లించి, కింద నుంచి పెళ్ళి శుభలేఖ లాంటి గట్టి కాగితం జరపండి. గ్లాసుతో సహా తెల్ల కాగితం మీద పెట్టి పది నిమిషాలు వదిలేస్తే పరుగు తగ్గుతుంది. పక్కన పది రూపాయల నాణెం పెట్టండి, అది అడ్డంగా 27 మిల్లీమీటర్లు, దాన్ని బట్టి సైజు లెక్క కట్టుకుంటాం. "చిన్నది", "చీమంత" అంటే ఎవరి చీమ వాళ్ళది.

ఫోన్‌లో జూమ్ చేయకండి. కాస్త దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుగు చాలు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, వాట్సాప్‌లో ఎవరికో పంపి మళ్ళీ దింపుకున్న ఫోటో పెట్టకండి. అది సగం నలిపేస్తుంది. ఇప్పుడు మీరు పెట్టినవి అలాంటివేనని నా అనుమానం.

మిర్యాల_వాసి | అక్టోబర్ 22, ఉదయం 8:20

అవును మేడం, అక్క ఫోన్ నుంచి వాట్సాప్‌లో తెప్పించుకున్నవే. ఇవి నా ఫోన్‌లో తీసినవి, నాలుగున్నాయి. నాణెం పెట్టాను. గ్లాసు మీద నా నీడ పడింది, ఏమనుకోవద్దు.

కోనసీమ_కుర్రాడు | ఉదయం 8:31

అబ్బో, ఇది వేరే లెవెల్. రంగులు చూడండి.

పెంకుపురుగు | ఉదయం 9:05

చాలా బాగా తీశారు. రెండో ఫోటో పెద్దది చేసుకుని అందరూ చూడండి, తల నుంచి చెప్పుకుంటూ వస్తాను.

తల నలుపు. దాని వెనక గుండ్రటి నారింజ రంగు భాగం. ఆ వెనక, నడుం దగ్గర, ముదురు నీలంగా లోహంలా మెరుస్తున్న చిన్న పట్టీ ఉంది చూశారా? వెలుతురు పడ్డచోట కాస్త ఆకుపచ్చగా కూడా ఉంది. మొత్తం కిటుకంతా అక్కడుంది. అవి రెక్కల పెంకులు. మామూలు పెంకుపురుగుకు ఆ పెంకులు ఒళ్ళంతా కప్పుతాయి. దీనికి పొట్టి జాకెట్ వేసుకున్నట్టు సగం దాకే వచ్చి ఆగిపోయాయి, పొట్టంతా బయటే ఉంది. ఎగిరే రెక్కలు ఆ చిన్న పెంకుల కిందే మడతలు పెట్టుకుని ఉంటాయి. పొట్ట నారింజ, కొస మాత్రం నలుపు. నాణెంతో పోల్చి చూస్తే 7 మిల్లీమీటర్లు.

చీమకు నడుం దారంలా సన్నబడుతుంది, మీసం మోచేయిలా వంగుతుంది. దీనికి ఆ రెండూ లేవు. చెవిలో దూరే పురుగుకూ పొట్టి రెక్కలే గానీ దాని వెనక పటకారు ఉంటుంది, ఇక్కడ లేదు. కాబట్టి ఇది రోవ్ పెంకుపురుగు. ఆ కుటుంబం పేరు స్టాఫిలినిడే, అందులో 60 వేలకు పైగా జాతులున్నాయి. రంగులు చూస్తే పెడెరస్ అనే ప్రజాతి. వరి పొలాల దగ్గర కనిపించేది పెడెరస్ ఫస్కిపెస్.

బాబు విషయం. ఇది కుట్టదు, పొక్కులు వచ్చేలా కరవదు. ఒంటి మీద పాకి వెళ్ళిపోతే ఏమీ కాదు. నిద్రలో మెడ మీద పాకుతుంటే చేత్తో రుద్దేస్తాం కదా, అప్పుడు నలిగి లోపలి రసం అంటుకుంటుంది. అందులో పెడెరిన్ అనే విషం ఉంటుంది. దాన్ని ఈ పురుగు సొంతంగా చేసుకోదు, దాని ఒంట్లో కాపురముండే బాక్టీరియా చేస్తుంది. అంటుకున్న వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు ఎర్రబడి పొక్కులొస్తాయి. చెయ్యి ఎటు రుద్దితే అటు గీత. అందుకే గీతలాగా తేలింది. చర్మం డాక్టరుకు చూపించండి, ఈ ఫోటో కూడా తీసుకెళ్ళండి.

నర్సమ్మ_నెల్లూరు | ఉదయం 9:48

మేడం చెప్పింది నిజమే. నేను చర్మ వ్యాధుల ఓపీలో పనిచేశాను, కోతల కాలంలో ఇలాంటివి చూసేవాళ్ళం. మోచేయి మడతలో అయితే విచిత్రంగా ఉంటుంది. పైన ఒక మచ్చ, కింద సరిగ్గా అలాంటిదే ఇంకోటి. చెయ్యి మడిచినప్పుడు ఒకదాని ముద్ర ఒకదానికి పడుతుంది. అది చూస్తే సర్పి కాదని పోల్చుకునేవాళ్ళం.

నలిగిందని తెలిస్తే వెంటనే సబ్బుతో బాగా కడగాలి. ఆ చేత్తో కళ్ళు నలపకూడదు, ఇదే ముఖ్యం. పిల్లాడి దిండు గలీబు, దుప్పటి, చొక్కా ఉతికేయండి. పొక్కులు చిదమనివ్వొద్దు. సున్నం, పసుపు, టూత్‌పేస్ట్ ఏవీ రాయకండి. రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, నల్లమచ్చ కొన్నాళ్ళుంటుంది. కంటి దగ్గర వస్తే మాత్రం ఆ రోజే వెళ్ళాలి.

రాత్రిబండి | ఉదయం 10:10

మా గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, ఇదే పురుగు బొమ్మ. "ఆఫ్రికా నుంచి వచ్చిన యాసిడ్ పురుగు, ముట్టుకుంటే విషం రక్తంలోకి ఎక్కి మనిషి పోతాడు, పదిమందికి పంపండి" అని.

పెంకుపురుగు | ఉదయం 10:32

పదిమందికీ పంపకండి. కెన్యాలో దీని దగ్గరి చుట్టం ఉంది, దాన్నే నైరోబీ ఈగ అంటారు. ఈగ కాదు, అదీ పెంకుపురుగే. 2022లో సిక్కింలో కొంతమంది విద్యార్థులకు ఇలాగే పొక్కులొస్తే ఆ పేరు పేపర్లకెక్కింది. అప్పటినుంచి ఎవరింట్లో కనిపించినా ఆఫ్రికా నుంచి వచ్చిందంటున్నారు. మన వరి పొలాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. చర్మం మంట పుడుతుంది నిజమే, మనుషులు పోవడం అబద్ధం.

మిర్యాల_వాసి | ఉదయం 11:15

ప్రాణం కుదుటపడింది. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. నిన్న ఊళ్ళో చూపిస్తే ఆయన చూసీ చూడకుండా సాలెపురుగే అని సూది వేసి పంపాడు. మధ్యాహ్నం టౌన్‌కు తీసుకెళ్తున్నాం. నాన్న మాత్రం పొలం నిండా ఇవే ఉన్నాయి, సాయంత్రం మందు కొట్టిస్తానంటున్నాడు.

పొలంగట్టు | ఉదయం 11:22

ఆగమను తమ్ముడూ. మీ నాయనను కొంచెం ఆగమను.

నాది నడిగూడెం దిక్కు, నాలుగెకరాల వరి. గీ పురుగును నేను పొలంల చానా సార్లు చూసిన. దుబ్బు మొదట్ల వరి రసం పీల్చే సుడిదోమ ఉన్నచోట ఇది తిరుగుతుంటది. పగలు వంగి ఐదు నిమిషాలు కదలకుంట చూడు, దోమ పిల్లను పట్టుకుని తింటది. ఒక యేడు నేను గీ పురుగును చూసి భయపడి, దుకాణపాయన ఇచ్చిన ఘాటు మందు కొట్టిన. పది పదిహేను రోజులకు దోమ రెండింతలైంది. పొలం నడిమిట్ల గుండ్రంగ ఎండిపోయింది. మందుకు సాలీళ్ళు, ఇవి ముందు చచ్చినయ్, దోమ గుడ్లు ఆకు తొడిమల దాక్కుని బతికినయ్.

అగ్రి_విస్తరణ | మధ్యాహ్నం 12:05

అన్న చెప్పింది అక్షరాలా నిజం. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే సుడిదోమ తిరగబడుతుందని మేము ప్రతి మీటింగులో మొత్తుకుంటాం. దుబ్బుకు పది పదిహేను దోమలు దాటితేనే మందు మాట. దానికంటే ముందు పొలం ఆరబెట్టాలి. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు తగిలి దోమ సగం తగ్గుతుంది.

ఇంటి సంగతి వేరే. అక్కడ లైటు మార్చండి. తెల్ల ట్యూబ్‌లైటు కంటే పసుపు రంగు బల్బుకు పురుగు తక్కువ వస్తుంది. కిటికీలకు దోమల జాలీ, పడుకునేముందు పక్క దులపడం. మంచం లైటు కింద ఉంటే జరపండి.

బడిపంతులు | మధ్యాహ్నం 1:40

నాకు ఈ చర్చలో ముచ్చటేసిన విషయం ఇంకోటి. ఇక్కడ "దోమ" అన్నది ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. హైదరాబాదు కుర్రాడు చదివితే వరికి మలేరియా వచ్చిందనుకుంటాడు. కుట్టే దోమకు రెండే రెక్కలు, అది ఈగల వర్గం. సుడిదోమ, పచ్చదోమ, తెల్లదోమ, ఈ మూడూ రసం పీల్చేవి, నల్లుల వర్గం.

ఇక నల్లి సంగతి చెప్పనక్కర్లేదు. మంచంలో ఉండేది నల్లి. మందారానికి పట్టేది పిండినల్లి. కూరగాయలకు వచ్చే ఎర్రనల్లి అసలు పురుగే కాదు, ఎనిమిది కాళ్ళది, సాలీడు చుట్టం. మిరప తోటలో తామర పురుగునూ కొందరు నల్లి అనేస్తారు. మన రైతు పేరు పెట్టేది పురుగు ఏ వర్గమా అని చూసి కాదు, పంటకు ఏం చేస్తుందా అని చూసి. అందుకని ఫోటో కింద "నల్లి, ఏం మందు కొట్టాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

అగ్రి_విస్తరణ | మధ్యాహ్నం 2:15

పంతులు గారు తామర పురుగు అన్నారు కాబట్టి చెబుతున్నా. 2021లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ఖమ్మం రైతుల నడ్డి విరిచింది. త్రిప్స్ పార్విస్పైనస్ దాని పేరు. అప్పట్లో నాకు రోజుకు ముప్పై నలభై పూల ఫోటోలు వచ్చేవి. పువ్వులో నల్ల చుక్కలు. మిల్లీమీటరు సైజు పురుగు అది. పువ్వులో గుంపుగా ఉంటే అనుమానించగలం, అంతే. ఖాయంగా చెప్పాలంటే స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోపులో చూడాల్సిందే.

అదే మొక్కజొన్నలో కత్తెర పురుగు అనుకోండి, మంచి ఫోటో ఒక్కటి చాలు. తల మీద తిరగేసిన "వై" అక్షరం, వెనక చివరికి దగ్గరగా చదరం నాలుగు మూలల్లా నాలుగు నల్ల చుక్కలు. 2018లో కర్ణాటకలో మొదట కనిపించినప్పటినుంచి ఈ రెండు గుర్తులూ రైతులకు నోటికి వచ్చేశాయి. కానీ జనాలు పంపేది ఏమిటి? తినేసిన ఆకు ఫోటో. లేదా సుడిలో దూరిన పురుగు వెనక భాగం.

కోనసీమ_కుర్రాడు | సాయంత్రం 6:02

చీమ కాని చీమ అంటే నా దగ్గరా ఒకటుంది. మా మామిడి చెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలుంటాయి కదా, వాటి పక్కనే ఇది దొరికింది. చీమ ఇంకో చీమని నోట కరుచుకుని మోస్తున్నట్టుంది. ఫోటో తీయబోతే దారం వేసుకుని కిందకి జారిపోయింది. చీమ దారం వేయడమేంటి?

సాలెగూడు_సుబ్బులు | సాయంత్రం 6:20

అమ్మయ్య, నా వంతు వచ్చింది!

కాళ్ళు లెక్కపెట్టు బాబూ. ఆరు కాళ్ళ మీద నడుస్తూ ముందు రెండు కాళ్ళు గాల్లో మీసాల్లా ఊపుతోంది. మొత్తం ఎనిమిది. తల ముందు రెండు పెద్ద కళ్ళు టార్చిలైట్ల మాదిరి ఉన్నాయి చూశావా? చీమ వేషం కట్టిన గెంతే సాలీడు అది. మోస్తున్నట్టు కనిపించేది ఇంకో చీమ కాదు, దాని దవడలే. మగదానికి అంత పొడుగు దవడలు ఉంటాయి. ఎర్రచీమల జోలికి పక్షులూ, వేరే పురుగులూ తొందరగా పోవు, అందుకని ఈ వేషం. దారం వేసి జారడంతో వేషం బయటపడింది పాపం. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా, ఇప్పటికీ తొలిచూపులో మోసపోతూనే ఉంటా.

నీరజ_డాలస్ | రాత్రి 9:30

మేము టెక్సస్‌లో ఉంటాం. ఆగస్టులో మా అత్తయ్య వచ్చినప్పుడు పెరట్లో తీసిన ఫోటో ఇది. ఎర్ర వెల్వెట్ గుడ్డలా ఒళ్ళంతా నూగు, మధ్యలో నల్ల పట్టీ. అత్తయ్య చూసి "ఆరుద్ర పురుగే! ఇన్నేళ్ళకు చూశా" అని సంబరపడి, మా పాపను చేతిలోకి తీసుకో అన్నారు. చిన్నప్పుడు వాళ్ళు అగ్గిపెట్టెలో గడ్డి వేసి పెంచేవాళ్ళట. పాప వెళ్ళేలోపే అది కలుపులోకి పరుగెత్తింది. నిజంగా ఆరుద్ర పురుగేనా? ఇక్కడ కూడా ఉంటుందా?

పెంకుపురుగు | రాత్రి 9:41

నీరజ గారూ, పాప పట్టుకోలేదు కదా? బతికిపోయింది.

మన ఆరుద్ర పురుగు జూన్ చివర ఆరుద్ర కార్తెలో తొలి వానలకు బయటికొస్తుంది, ఎనిమిది కాళ్ళు, మెత్తటి బొద్దు ఒళ్ళు, నింపాదిగా నడుస్తుంది, ఎవర్నీ ఏమీ చేయదు. మీ ఫోటోలో ఉన్నదానికి ఆరు కాళ్ళు, వంగిన మీసాలు, నడుం సన్నం. పేరుకు వెల్వెట్ చీమ అంటారు గానీ చీమ కాదు, రెక్కల్లేని ఆడ కందిరీగ. మీ వైపు కనిపించే ఎర్రది డాసిముటిల్లా ఆక్సిడెంటాలిస్. దాని పోటుకు అక్కడి వాళ్ళు ఆవుల్ని చంపేదని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆవులేమీ చావవు గానీ పాప ఊరంతా వినపడేలా ఏడ్చేది. దానంతట అది మీదకు రాదు. చేత్తో పట్టుకుంటేనే.

నీరజ_డాలస్ | రాత్రి 9:58

ఒళ్ళు జలదరించింది. అత్తయ్యకి ఇప్పుడే ఫోన్ చేసి చదివి వినిపించా. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి అంత ముద్దుగా ఎందుకుందే?" అన్నారు.

నిర్వాహకుడు | అక్టోబర్ 23, ఉదయం 7:15

సాలీడు, కందిరీగ ఫోటోలను విడి చర్చలుగా చేస్తాను, వెతుక్కునేవాళ్ళకి వీలుగా ఉంటుంది. దయచేసి ఒక చర్చలో ఒక పురుగే. ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికిందో రాయండి. ఇంటి లొకేషన్ మాత్రం పెట్టకండి.

పెంకుపురుగు | అక్టోబర్ 25, రాత్రి 8:50

ఒక దిద్దుబాటు. 22న నేను పెడెరస్ ఫస్కిపెస్ అని జాతి పేరు కూడా చెప్పేశాను. ఒక స్నేహితుడు చదివి చీవాట్లు పెట్టాడు, న్యాయంగానే. ఈ ప్రజాతిలో చాలావాటికి పైకి రంగులన్నీ ఒకటే. మగ పురుగు జననాంగాలు కోసి చూస్తే తప్ప జాతి తేలదు. ఫోటోలో కనిపిస్తున్నదాన్ని బట్టి పెడెరస్ వరకే నా మాట. ఫస్కిపెస్ కావచ్చు, వరి పొలాల్లో అదే ఎక్కువ, కానీ ఫోటో ఆ మాట చెప్పదు. పై పోస్టును అలాగే ఉంచుతున్నాను, కింద ఇది చదువుతారని.

రాత్రిబండి | రాత్రి 9:02

మేడం, యాప్ అయితే నిమిషంలో జాతి పేరు చెప్పేస్తుంది మరి?

పెంకుపురుగు | రాత్రి 9:20

చెప్తుంది. తనకు చూపించిన ఫోటోల్లో దేనికి దగ్గరగా ఉందో చెప్తుంది. జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్‌లో నేనూ రోజూ ఉంటాను, అక్కడ యాప్ సూచన ఇచ్చాక కూడా మనుషులు చూసి ఒప్పుకోవాలి. గొడవ ఎక్కడొస్తుందంటే, యాప్ చెప్పిన పేరునే ఇంకొకరు చూడకుండా "అవును" అనేస్తారు. అప్పుడు ఇద్దరు చెప్పినట్టు కనిపిస్తుంది, నిజానికి ఒక్కరూ చూడలేదు.

మిర్యాల_వాసి | నవంబర్ 9, సాయంత్రం 7:35

ఆలస్యంగా రాస్తున్నా, కోతల హడావుడి. బాబుకు పూర్తిగా తగ్గింది, మెడ మీద గోధుమ రంగు చార మిగిలింది. డాక్టరమ్మ ఫోటో చూడగానే గుర్తుపట్టింది. అమ్మ ఇంకా సాలెపురుగే అంటోంది, కానీ లైటు మాత్రం పసుపుది పెట్టనిచ్చింది.

నాన్న ఆ సాయంత్రం మందు కొట్టలేదు. పొలంగట్టు అన్న రాసింది చదివి వినిపిస్తే, "ఎవరతను, నడిగూడెంలో ఎవరబ్బాయి?" అని అడిగి, పొద్దున్నే నన్ను కూడా లాక్కెళ్ళి దుబ్బులు విడదీసి చూపించాడు. ఇరవై దుబ్బులు లెక్కపెట్టాం. దోమ నాలుగైదు కంటే ఎక్కడా దాటలేదు. ఒక దుబ్బు మొదట్లో మన పురుగు దొరికింది, నోట్లో ఏదో ఉంది. ఫోటో పెడుతున్నా. నాణెం పెట్టడానికి కుదరలేదు, బురద.

పొలంగట్టు | రాత్రి 7:50

సుడిదోమ పిల్లనే అది. రెక్కలు రాలే ఇంకా. నాయనకు నమస్తే చెప్పు, మాది పెద్ద చెరువు పక్క ఇల్లు.

కోనసీమ_కుర్రాడు | రాత్రి 8:04

బొటనవేలు ఈసారి కూడా పడింది అన్నా, కుడివైపు మూలన.